పొలంలోని లినక్స్ పరికరం బూట్ కానప్పుడు: దత్తాంశాలను కాపాడుకుంటూ లోపాన్ని గుర్తించే విధానం

వ్యవసాయ పరిశోధనలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు, నేల తేమ సంవేదకాలు, పైరు ఛాయాచిత్రాలు తీసే కెమెరాలు నేడు సర్వసాధారణమయ్యాయి. వీటి నుండి వచ్చే కొలతలను సేకరించి భద్రపరచే బాధ్యతను తరచుగా అరచేతిలో ఇమిడే ఒక చిన్న లినక్స్ కంప్యూటర్ నిర్వహిస్తుంది. వానాకాలం వరిలో పూత దశ నడుస్తుండగా ఒక రాత్రి విద్యుత్తు పలుమార్లు పోయి వచ్చిందనుకుందాం. మరునాడు ఉదయం పరికరంపై విద్యుత్ దీపం వెలుగుతూనే ఉంటుంది, కాని కొలతలు అందవు. ఇటువంటి సమయంలో సాధారణంగా మొదట తోచే ఉపాయం లోపలి ఫ్లాష్ జ్ఞాపకంలో వ్యవస్థను తిరిగి కొత్తగా ఎక్కించడం. దానివల్ల పరికరం పనిచేయవచ్చు. కాని అప్పటి వరకు అందులో నిల్వ ఉన్న కొలతలు చెరిగిపోతాయి. పాడైన పరికరాన్ని మార్చుకోవచ్చు. గడచిన పూత దశలోని ఉష్ణోగ్రతలను మాత్రం మళ్ళీ కొలవలేము.

అందువలన బూట్ వైఫల్యాన్ని సరిదిద్దడంలో పాటించవలసిన క్రమం ఒక్కటే. ప్రక్రియ ఏ దశలో ఆగిందో ముందుగా గుర్తించాలి, తరువాత దత్తాంశాల ప్రతిని తీసుకోవాలి, ఆ పిమ్మటే మరమ్మతు చేపట్టాలి. 2013లో విడుదలై ఇటువంటి పనులకు విరివిగా వాడుకలోకి వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్ బోర్డును ఉదాహరణగా తీసుకొని ఈ క్రమాన్ని వివరించవచ్చు. దీనిలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎం3358 ప్రాసెసర్, 512 మెగాబైట్ల ర్యామ్, బోర్డుకే అతికించిన ఈ-ఎంఎంసీ ఫ్లాష్ జ్ఞాపకం ఉంటాయి. ఈ-ఎంఎంసీ సామర్థ్యం తొలి బోర్డులలో 2 గిగాబైట్లు కాగా, తరువాతి రివిజన్ సీ బోర్డులలో 4 గిగాబైట్లు.

బూట్ ప్రక్రియలోని దశలు

ప్రధాన కాలువ నుండి చివరి మడి వరకు నీరు అనేక తూములు దాటి చేరినట్లే, లినక్స్ పరికరం కూడా ఒక దశ తరువాత మరొక దశగా మేల్కొంటుంది. చివరి మడికి నీరు రానప్పుడు ఏ తూము వద్ద ఆగిందో చూడకుండా కాలువ మొత్తం తవ్వడం వ్యర్థం.

మొదటి దశలో ప్రాసెసర్ లోపలే శాశ్వతంగా ముద్రించిన రోమ్ ప్రోగ్రామ్ పనిచేస్తుంది. ఇది సాధారణ స్థితిలో ముందుగా ఈ-ఎంఎంసీని, తరువాత మైక్రోఎస్‌డీ కార్డును, ఆపై సీరియల్ మార్గాన్ని, చివరగా యూఎస్‌బీని వెదకుతుంది. ఎస్2 మీటను నొక్కి ఉంచి విద్యుత్తు ఇచ్చినట్లయితే ఈ వరుస మారి, ఈ-ఎంఎంసీని వదలి మైక్రోఎస్‌డీ కార్డును చూస్తుంది.

రెండవ దశలో ఎంఎల్‌ఓ అనే చిన్న ప్రోగ్రామ్ ప్రాసెసర్ లోపలి జ్ఞాపకంలోకి చేరి, బయటి ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది. మూడవ దశలో యూ-బూట్ అనే బూట్‌లోడర్ వచ్చి కెర్నెల్‌ను, బోర్డు నిర్మాణాన్ని తెలిపే డివైస్ ట్రీ ఫైలును ర్యామ్‌లోకి తెస్తుంది. నాల్గవ దశలో కెర్నెల్ ప్రారంభమై రూట్ ఫైల్ వ్యవస్థను మౌంట్ చేస్తుంది. ఐదవ దశలో సేవలన్నీ మొదలై కొలతల సేకరణ జరుగుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. డెబియన్ ప్రతులలో ఎంఎల్‌ఓ, యూ-బూట్ సాధారణంగా ఏ ఫోల్డరులోనూ కనిపించవు. అవి మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీ స్థలంలో నేరుగా వ్రాయబడి ఉంటాయి. రోమ్ ప్రోగ్రామ్ వాటికోసం ఆరంభ స్థానంలోనూ, 128, 256, 384 కిలోబైట్ల స్థానాలలోనూ వెదకుతుంది. ఫైళ్ళన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ బూట్ జరగకపోవడానికి, బూట్ సక్రమంగా మొదలైనప్పటికీ ఫైళ్ళు పాడై ఉండడానికి కారణం ఇదే. అందుచేత ఈ రెండింటినీ వేర్వేరుగా పరీక్షించాలి.

సీరియల్ మార్గం: మొదటి పరీక్ష

పరికరం ఎక్కడ ఆగిందో దాని నోటనే వినే సాధనం సీరియల్ మార్గం. బోర్డుపై జే1 అనే 6 పిన్నుల వరుస ఉంటుంది. అందులో 1వ పిన్ను గ్రౌండ్, 4వది బోర్డు స్వీకరించే మార్గం, 5వది బోర్డు పంపే మార్గం. దీనికి 3.3 వోల్టుల సంకేతాలతో పనిచేసే యూఎస్‌బీ-సీరియల్ తీగను మాత్రమే వాడాలి. 5 వోల్టుల తీగ గాని, పాత ఆర్‌ఎస్-232 తీగ గాని కలిపితే ప్రాసెసర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. కంప్యూటరులో వేగాన్ని 1,15,200గా అమర్చి, పరికరానికి విద్యుత్తు ఇచ్చి, తెరపై వచ్చే ప్రతి అక్షరాన్ని ఒక ఫైలులో భద్రపరచాలి.

లక్షణాలు, కారణాలు

విద్యుత్ దీపం వెలగకపోయినా, ఒకసారి మెరిసి ఆరిపోయినా లోపం ఫ్లాష్ జ్ఞాపకంలో ఉన్నదని భావించరాదు. ముందుగా 5 వోల్టుల సరఫరాను బోర్డు వద్దనే, పరికరం పనిచేస్తున్న స్థితిలో కొలవాలి. సౌర ఫలకం నుండి పొడవైన సన్నని తీగ ద్వారా సరఫరా వచ్చేచోట వోల్టేజి పడిపోవడం తరచుగా కనిపించే లోపం.

తెరపై ఆంగ్ల అక్షరం ‘సీ’ మాత్రమే వరుసగా వస్తుంటే, రోమ్ ప్రోగ్రామ్‌కు ఈ-ఎంఎంసీలో గాని మైక్రోఎస్‌డీలో గాని సరైన ఎంఎల్‌ఓ దొరకలేదని, అది సీరియల్ మార్గం ద్వారా ప్రోగ్రామ్ కోసం ఎదురుచూస్తున్నదని అర్థం. ప్రాసెసర్ సజీవంగా ఉన్నదనడానికి ఇదొక మంచి సూచన. అయితే బూట్‌లోడర్ చెరిగిపోయిందని వెంటనే నిర్ణయించరాదు. పీ8 వరుసలోని 31 నుండి 46 వరకు గల పిన్నుల స్థితిని చూసియే ప్రాసెసర్ బూట్ వరుసను నిర్ణయిస్తుంది. విద్యుత్తు వచ్చిన క్షణంలో ఏదైనా సంవేదకం ఈ పిన్నులలో ఒకదానిపై వోల్టేజి ఉంచితే వరుస మారిపోతుంది. అదే వరుసలోని 3 నుండి 6 వరకు, 20 నుండి 25 వరకు గల పిన్నులు ఈ-ఎంఎంసీ వాడుకునే మార్గాలు. వాటికి తీగలు కలిపినా ఇదే ఫలితం కలుగుతుంది. కాబట్టి తీగలన్నిటినీ విడదీసి, బోర్డును ఒంటరిగా ఒకసారి ప్రారంభించి చూడాలి. కేవలం ఈ ఒక్క పరీక్షతో తేలిపోయే లోపాలు అనేకం.

యూ-బూట్ సందేశాలు వచ్చి ఆగిపోతే కెర్నెల్ లేదా డివైస్ ట్రీ ఫైలు దొరకలేదని, లేదా అమరికల ఫైలు పాడైనదని భావించాలి. కొత్త మైక్రోఎస్‌డీ కార్డు పెట్టినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఎస్2 మీట నొక్కకుండా విద్యుత్తు ఇస్తే ఈ-ఎంఎంసీలోని పాత యూ-బూట్ ముందుగా పనిచేసి, కార్డులోని కొత్త కెర్నెల్‌ను తెరిచే ప్రయత్నం చేస్తుంది. ఈ రెండూ పొసగక బూట్ ఆగిపోతుంది. అప్పుడు కార్డును తప్పుపట్టడం సరికాదు.

కెర్నెల్ ప్రారంభమై, రూట్ ఫైల్ వ్యవస్థను మౌంట్ చేయలేకపోతున్నానన్న సందేశంతో ఆగితే రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది పేరు మారడం. పాత కెర్నెళ్ళలో మైక్రోఎస్‌డీ కార్డు లేనప్పుడు ఈ-ఎంఎంసీకి సున్న సంఖ్య, కార్డు ఉన్నప్పుడు 1 సంఖ్య లభించేవి. అమరికలలో సంఖ్యకు బదులు పార్టిషన్ యొక్క యూయూఐడీని వ్రాస్తే ఈ సమస్య తొలగుతుంది. రెండవది ఫైల్ వ్యవస్థ నిజంగా దెబ్బతినడం. సందేశాలలో చదువుట-వ్రాయుట దోషాలు పదేపదే కనిపిస్తే ఫ్లాష్ జ్ఞాపకమే అరిగిపోయి ఉండవచ్చు.

లాగిన్ వరకు వచ్చినా కొలతలు అందకపోతే నిల్వ స్థలం పూర్తిగా నిండినదేమో చూడాలి. 2 గిగాబైట్ల బోర్డులలో లాగ్ ఫైళ్ళే ఈ స్థలాన్ని మింగివేయగలవు.

దత్తాంశాలను బయటకు తీయడం

ఇందుకోసం వేరొక కంప్యూటరులో డెబియన్ మైక్రోఎస్‌డీ కార్డును సిద్ధం చేసుకోవాలి. ఇక్కడ అత్యంత జాగ్రత్త అవసరం. ఈ బోర్డుకు లభించే ప్రతులు రెండు రకాలు. ఒకటి కార్డు నుండే నడిచేది. రెండవది ఫ్లాషర్ ప్రతి. ఇది బూట్ అయిన వెంటనే, ఎటువంటి ప్రశ్న వేయకుండా, ఈ-ఎంఎంసీని చెరిపి తనను తాను అందులోకి వ్రాసుకుంటుంది. ఆ సమయంలో 4 దీపాలు అటునుండి ఇటు వరుసగా పరుగెడుతూ వెలుగుతాయి. దత్తాంశాలు కావలసినప్పుడు మొదటి రకాన్ని మాత్రమే వాడాలి.

కార్డు అమర్చి, ఎస్2 మీటను నొక్కి ఉంచి, విద్యుత్తు ఇవ్వాలి. దీపాలు వెలిగిన తరువాత మీటను వదలాలి. రీసెట్ మీట నొక్కితే సరిపోదు, విద్యుత్తును పూర్తిగా తీసి మళ్ళీ ఇవ్వాలి. లినక్స్ వచ్చిన పిమ్మట కెర్నెల్ సందేశాలలో ఈ-ఎంఎంసీ కనిపిస్తున్నదో లేదో చూడాలి. కనిపిస్తే దానిని మౌంట్ చేయకముందే మొత్తం జ్ఞాపకపు ప్రతిబింబాన్ని యూఎస్‌బీ డ్రైవులోకి తీసుకోవాలి. చదవడానికి మాత్రమే మౌంట్ చేసినప్పటికీ ఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థ తన జర్నల్‌ను అమలుచేసి కొంత వ్రాయగలదు. అందుచేత ప్రతి తీయడమే ముందు పని. చదువుటలో దోషాలు వస్తుంటే డీడీరెస్క్యూ సాధనం మంచి భాగాలను ముందుగా చదివి, చెడిన భాగాలను చివరకు ఉంచుతుంది. ఫైల్ వ్యవస్థ మరమ్మతును ఆ ప్రతిపైనే చేయాలి.

పాత బూట్‌లోడర్‌ను తొలగించడానికి ఈ-ఎంఎంసీలోని మొదటి 10 మెగాబైట్లలో సున్నలు నింపే ఆదేశం ప్రచారంలో ఉన్నది. పార్టిషన్ పట్టిక మొదటి 512 బైట్లలోనే ఉంటుంది. అనేక ప్రతులలో మొదటి పార్టిషన్ 4 మెగాబైట్ల వద్దనే ఆరంభమవుతుంది. కనుక ఈ ఆదేశం రెండింటినీ దెబ్బతీస్తుంది. దత్తాంశాల ప్రతి చేతికి రాకముందు దీనిని వాడరాదు.

ఈ-ఎంఎంసీ అసలే కనిపించకపోతే, తీగలన్నీ తీసిన తరువాత కూడా అదే స్థితి కొనసాగితే, లోపం హార్డ్‌వేర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు మిగిలిన సీజనుకు పరికరాన్ని మైక్రోఎస్‌డీ కార్డుపైనే నడుపుకోవచ్చు.

పరికరం తిరిగి పనిచేయడంతో పని ముగియదు. ఈ బోర్డులోని గడియారానికి బ్యాటరీ ఆధారం లేదు. విద్యుత్తు పోయి వచ్చాక, నెట్‌వర్క్ నుండి సమయం అందేవరకు అది పాత తేదీనే చూపవచ్చు. ఆ వ్యవధిలో నమోదైన కొలతలు తప్పు తేదీలతో చేరి, సగటులను తారుమారు చేస్తాయి. తేదీలు వెనుకకు వెళ్ళిన చోట్లను గుర్తించి, ఆ వరుసలను విశ్లేషణకు ముందే వేరుచేయాలి.

నివారణ

కొలతలను, వ్యవస్థను ఒకే పార్టిషన్‌లో ఉంచరాదు. కొలతలకు వేరొక పార్టిషన్ గాని, విడిగా మైక్రోఎస్‌డీ కార్డు గాని కేటాయించాలి. రూట్ ఫైల్ వ్యవస్థను చదవడానికి మాత్రమే అనుమతిస్తే విద్యుత్తు అంతరాయం వల్ల కలిగే నష్టం బాగా తగ్గుతుంది. ప్రతి సెకనుకూ వ్రాయకుండా కొలతలను ర్యామ్‌లో కూర్చి కొన్ని నిమిషాలకొకసారి వ్రాస్తే ఫ్లాష్ అరుగుదల తగ్గుతుంది. అయితే ఆ కొద్ది నిమిషాల కొలతలు పోయే అవకాశాన్ని అంగీకరించాలి. ఈ-ఎంఎంసీ 5.0 ప్రమాణం, ఆ పైబడిన జ్ఞాపకాలు తమ అరుగుదలను 10 శాతం చొప్పున తెలుపుతాయి. సీజను ఆరంభంలో దీనిని చదివి నమోదు చేసుకోవాలి.

ముసురు రోజులలో సౌర బ్యాటరీ బలహీనపడి పరికరం పదేపదే ఆగి మొదలవడం ఒక్కసారి విద్యుత్తు పోవడం కన్నా హానికరం. బ్యాటరీ నిర్ణీత వోల్టేజికి దిగినప్పుడు సరఫరాను నిలిపివేసి, తగినంత కోలుకున్నాకే తిరిగి ఇచ్చే నియంత్రణను అమర్చాలి.

విత్తనం వేసే ముందు మొలక శాతం పరీక్షించడం పరిశోధన క్షేత్రాలలో నియమం. పరికరాన్ని పొలంలో నాటే ముందు కూడా విద్యుత్తును పలుమార్లు తీసి ఇచ్చి అది తిరిగి లేస్తున్నదో లేదో చూడడం, పనిచేసే మైక్రోఎస్‌డీ కార్డును, సీరియల్ తీగను దాని పెట్టెలోనే ఉంచడం, సక్రమంగా బూట్ అయినప్పటి సందేశాలను ప్రయోగ పుస్తకంలో భద్రపరచడం నియమంగా చేసుకోవాలి. లోపం వచ్చిన రోజున ఆ పాత సందేశాలను పక్కన పెట్టి పోల్చితే, బూట్ ఏ దశలో ఆగిందో పొలం గట్టునే తేల్చుకోవచ్చు, సీజను కొలతలను కోల్పోకుండా పరికరాన్ని తిరిగి నిలబెట్టవచ్చు.