యాంగోన్‌కు పనికి వెళ్తున్నారా? పెట్టెలో ఏ బట్టలు పెట్టాలో ముందే చూసుకోండి

పెట్టె సర్దేటప్పుడు మన ఇళ్లలో ముందు ఆవకాయ సీసా, కారప్పొడి పొట్లం, దేవుడి పటం గుర్తొస్తాయి. బట్టల సంగతి చివరికి వస్తుంది. రెండు జీన్ ప్యాంట్లు, పెళ్లికి కుట్టించిన కోటు, చలి ఉంటుందేమోనని అమ్మ పెట్టిన స్వెటర్ అన్నీ కలిపి కుక్కేస్తాం. జూన్‌లో యాంగోన్‌లో దిగాక గానీ అసలు సంగతి తెలియదు. జీన్స్ రోజుల తరబడి ఆరదు, కోటుకు బూజు పడుతుంది, స్వెటర్ బయటికి తీసే పనే ఉండదు. మొదటి జీతంలోంచి మళ్లీ బట్టలు కొనాల్సి వస్తుంది. అది ఇంటికి పంపాల్సిన డబ్బు.

ఈ ఊరు మనకు కొత్త కాదు. మన పెద్దవాళ్లు దీన్ని రంగూన్ అనేవారు, పల్లెల్లో రంగం అని కూడా అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలమంది ఓడెక్కి అక్కడి రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచేవారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక చాలామంది ఉన్నదంతా వదిలేసి, కట్టుబట్టలతో నడిచి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు వెళ్లేవాళ్లు హోటళ్లకు, దుకాణాలకు, ఆఫీసులకు, సైట్లకు వెళ్తున్నారు. పని మారింది, వాన మాత్రం అదే వాన.

అక్కడ కాలాలు మూడు

వేసవి: మార్చి నుంచి మే మధ్య దాకా. ఏప్రిల్‌లో పగటి ఎండ మామూలుగానే 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2024 ఏప్రిల్ చివర్లో యాంగోన్‌లో 40 డిగ్రీల దాకా వచ్చింది. అదే రోజుల్లో మధ్య బర్మాలోని చౌక్ పట్టణంలో 48.2 నమోదైంది. పైగా యాంగోన్‌లో గాలి తేమగా ఉంటుంది కాబట్టి చెమట ఒంటిమీదే నిలిచిపోతుంది.

వానాకాలం: మే మధ్య నుంచి అక్టోబరు దాకా. ఏడాదికి సుమారు 2,700 మి.మీ. వాన. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి పడేది దాదాపు 800 మి.మీ. మాత్రమే. జూన్, జులై, ఆగస్టుల్లో ఒక్కో నెలలోనే 500 మి.మీ. పైన పడుతుంది. అంటే అక్కడ రెండు నెలల్లో పడే వాన హైదరాబాద్ ఏడాది వానకంటే ఎక్కువ.

చల్లని కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. చలికాలం అని భయపడక్కర్లేదు. జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటుంది. ఒక దుప్పటి, ఒక పల్చటి ఫుల్ చేతుల చొక్కా చాలు. అయితే మిమ్మల్ని షాన్ రాష్ట్రంలోని టౌంజీ లాంటి కొండ ఊరికి పంపుతారేమో కంపెనీని ముందే అడగండి. అది దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్లు నిజంగానే వణుకు పుడుతుంది. అప్పుడు మాత్రం అమ్మ పెట్టిన స్వెటర్ ఉండనివ్వండి.

ఎన్ని జతలు కావాలి? ఒక చిన్న లెక్క

"అన్నా, ఎన్ని జతలు తీసుకెళ్లాలి?" అని చాలామంది అడుగుతారు. మీ జీవితం ఎలా ఉంటుందో దాన్నిబట్టి లెక్క వేసుకోండి. ఎన్ని రోజులకోసారి ఉతుక్కుంటారు, ఉతికిన బట్ట ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఈ రెండూ కూడండి. అత్యవసరానికి ఒక జత కలపండి.

వేసవిలో మూడు రోజులకోసారి ఉతికితే, ఆరడానికి ఒక రోజు, అదనంగా ఒకటి: ఐదు జతలు. వానాకాలంలో అదే ఉతుకుడుకు ఆరడానికి మూడు రోజులు వేసుకోండి. మొత్తం ఏడు జతలు. నలుగురు ఒకే గదిలో ఉంటే, తాడు ఒక్కటే ఉంటే, ఇంకొకటి కలుపుకోండి. కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి ఇస్త్రీ మీద, వాషింగ్ మెషీన్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇస్త్రీ లేకపోయినా ముడతలు కనబడని బట్ట ఎంచుకోండి.

ఎండకు పల్చటి నూలు బట్ట మంచిది. వానకు నూలు, పాలిస్టర్ కలిసిన బట్ట నయం, త్వరగా ఆరుతుంది. జీన్స్ ఒక్కటి చాలు, అది కూడా సెలవు రోజుకి.

ఏ పనికి ఏ బట్ట

హోటల్, వంటగది: యూనిఫాం కంపెనీ ఇస్తుందా, ఎన్ని జతలు ఇస్తుంది, దాని డబ్బు జీతంలో కోస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. లోపల వేసుకునే నూలు బనియన్లు మాత్రం ఎక్కువ తీసుకెళ్లండి. పొయ్యి దగ్గర పూర్తి పాలిస్టర్ వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

కట్టడం పని, సైట్ సూపర్‌వైజర్: ఫుల్ చేతుల చొక్కాలు, లేత రంగువి. ఎండకూ పనికొస్తాయి, దోమకూ పనికొస్తాయి. డెంగీ దోమ పగలే కుడుతుంది, వానాకాలంలో ఎక్కువ. సేఫ్టీ బూట్లు, హెల్మెట్ ఇవ్వాల్సింది యజమాని. అవి మిమ్మల్నే తెచ్చుకోమంటే మిగతా షరతులు కూడా ఇంకోసారి చదవండి.

ఆఫీసు, దుకాణం, స్కూలు: మూడు నాలుగు లేత రంగు చొక్కాలు, రెండు ముదురు రంగు ప్యాంట్లు. ఆడవాళ్లకు చుడీదార్లు, కుర్తాలు హాయిగా సరిపోతాయి. వానలో చీర అంచు బురదలో పడుతుంది. కాబట్టి రోజువారీకి వద్దు, పండక్కి రెండు ఉంచుకోండి. ఏసీ గదిలో కూర్చునే పని అయితే ఒక పల్చటి జాకెట్.

కాళ్ల సంగతి మరవొద్దు

యాంగోన్ నగరంలో మోటారు సైకిళ్లకు అనుమతి లేదు. 2003 నుంచీ ఈ నిషేధం ఉంది. కాబట్టి మన దగ్గరలా బండి మీద తిరగడం కుదరదు. బస్సు, నడక. ఫుట్‌పాత్‌లు చాలాచోట్ల పగిలి ఉంటాయి, వానకు నీళ్లు నిలుస్తాయి. జారని అడుగున్న రబ్బరు చెప్పులు రెండు జతలు ఉంటే, ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేసుకోవచ్చు. ఇళ్లలోనూ, చాలా చిన్న ఆఫీసుల్లోనూ చెప్పులు బయటే విడవాలి. తాడు కట్టే బూట్లతో రోజుకు నాలుగుసార్లు వంగాలి, అందుకని సులువుగా తొడిగి విడిచేవి తీసుకోండి.

తడి బూటు, తడి సాక్స్ రోజంతా వేసుకుంటే కాలివేళ్ల మధ్య చర్మం నాని పాసిపోతుంది. తడి లోదుస్తులతో గజ్జల్లో తామర వస్తుంది. లోదుస్తులు కనీసం ఎనిమిది ఉండాలి, అన్నీ నూలువే. ఆరని వాటిని తొడుక్కోవద్దు. తామర వస్తే దుకాణంలో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయకండి. మొదట తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మొండికేస్తుంది. డాక్టరుకు చూపించండి.

లుంగీ: మనకు ఇంటి బట్ట, వాళ్లకు ఆఫీసు బట్ట

మన దగ్గర లుంగీతో ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. యాంగోన్‌లో గుమస్తా నుంచి అధికారి దాకా లుంగీ కట్టుకునే పనికి వస్తారు. వాళ్లు లోంజీ అంటారు. మగవాళ్లది పసో. గళ్లవి, చారలవి ఎక్కువ, ముందు ముడి వేస్తారు. ఆడవాళ్లది తమేన్. పువ్వులు, అల్లికలు ఉంటాయి, పక్కకు మడిచి దోపుతారు. తెలియక పువ్వుల లోంజీ కొని కట్టుకున్న మగవాణ్ణి చూసి నవ్వుకుంటారు. మీరు కట్టుకుంటే సంతోషిస్తారు. అయితే మనవాళ్లలా మోకాళ్ల పైకి మడిచి కట్టి ఆఫీసులో తిరగొద్దు.

అందుకే ఇంటి దగ్గరినుంచి లుంగీలు రెండే తీసుకెళ్లండి. మిగతావి అక్కడే కొనుక్కోవచ్చు. బోజో ఆంగ్ సాన్ మార్కెట్‌కు పాతపేరు స్కాట్ మార్కెట్. అది సోమవారం మూసి ఉంటుంది, పర్యాటకులు ఎక్కువ కాబట్టి బేరమాడాలి. అనవ్రత రోడ్డు దగ్గర తేంజీ మార్కెట్ మామూలు జనం కొనే చోటు. కాళీ అమ్మవారి గుడి కూడా ఆ చుట్టుపక్కలే.

ఇంకో సంగతి. బట్టలు ఆరేసేటప్పుడు ఆడవాళ్ల లోంజీలు, లోదుస్తులు మగవాళ్లు నడిచే దారి మీద, తలకు పైన ఆరేయకండి. కింద నడిస్తే మగవాడి తేజస్సు తగ్గుతుందని అక్కడ పాత నమ్మకం. 2021 మార్చిలో సైన్యానికి ఎదురుతిరిగిన ఆడవాళ్లు ఇదే నమ్మకాన్ని ఆయుధం చేసుకుని, వీధులకు అడ్డంగా తాళ్లు కట్టి తమేన్‌లు వేలాడదీశారు. వాటి కింద వెళ్లడానికి సైనికులు వెనకాడారు. నమ్మకం మీకు లేకపోవచ్చు. ఇంటి ఓనరుతో, పక్కింటివాళ్లతో గొడవ మాత్రం మీకే.

ఇవి పెట్టెలో అస్సలు వద్దు

బుద్ధుడి బొమ్మ ఉన్న టీషర్టు, సంచి, చెప్పులు. మన దగ్గర ఫ్యాషన్ అని అమ్ముతారు. అక్కడ అది మతాన్ని కించపరచడం. 2014 చివర్లో యాంగోన్‌లోని ఒక బార్ ప్రచారానికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న బుద్ధుడి బొమ్మ వాడితే, 2015 మార్చిలో న్యూజిలాండ్‌వాసి ఒకరికి, ఇద్దరు బర్మా వాళ్లకు రెండున్నరేళ్ల శిక్ష పడింది. కాలి మీద అలాంటి పచ్చబొట్టు ఉంటే కప్పుకుని ఉండండి.

సైన్యం రంగు, మచ్చల డిజైన్ బట్టలు. 2021 ఫిబ్రవరి నుంచి దేశం సైనిక పాలనను, అంతర్యుద్ధాన్ని చూస్తోంది. అలాంటి ప్యాంటు చూసి తనిఖీ దగ్గర అనుమానపడితే, భాష రాని మీరు ఏం చెప్పగలరు?

రాజకీయ నినాదాలు, నాయకుల బొమ్మలు ఉన్నవి ఏవీ వద్దు. మన అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: జూన్ 19 ఆంగ్ సాన్ సూచీ పుట్టినరోజు. 2023లో ఆ రోజు తలలో పువ్వు పెట్టుకున్నవాళ్లను, చేత పట్టుకున్నవాళ్లను పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. మనకు పువ్వు పెట్టుకోవడం రోజువారీ అలవాటే. ఆ ఒక్కరోజు మానేయండి.

పగోడాలకు వెళ్తే భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ష్వేడగోన్ మెట్ల దగ్గరే చెప్పులు, సాక్సులు కూడా విడవాలి. వేసవి మధ్యాహ్నం ఆ రాళ్లు కాలిపోతాయి, పొద్దున్నేనో సాయంత్రమో వెళ్లండి.

పెట్టె తాళం వేసే ముందు

టికెట్ ఒకసారి చూడండి. ఉద్యోగం యాంగోన్‌లో అయితే చివరి ఊరు యాంగోన్ అనే ఉండాలి. బ్యాంకాక్‌లో విమానం మారడం మామూలే. కానీ థాయ్‌లాండ్‌లో దిగి, రోడ్డు మీద మే సోట్ దాకా రమ్మంటే అది యాంగోన్ దారి కాదు. ఏటి అవతల మ్యావడ్డీ. "డేటా ఎంట్రీ", "డిజిటల్ మార్కెటింగ్" అని తీసుకెళ్లి సైబర్ మోసాల పని చేయించే చోట్లు అక్కడే ఉన్నాయి. 2025 మార్చిలో భారత ప్రభుత్వం రెండు సైనిక విమానాల్లో 549 మందిని మే సోట్ నుంచి వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గల్ఫ్ దేశాలకు ఉన్నట్టు బర్మాకు ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి కాదు, అందుకే మీ జాగ్రత్త మీరే పడాలి. ఏజెంటుకు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద పనికి వెళ్లొద్దు. యాంగోన్‌లో భారత రాయబార కార్యాలయం మర్చెంట్ స్ట్రీట్‌లో ఉంది. దాని ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్ పోయినా కాగితం ఉంటుంది.

ఊళ్లోని దర్జీ దగ్గర రెండు ప్యాంట్లకు లోపలి జేబు, ఆడవాళ్లు లంగాకు జిప్పు జేబు కుట్టించుకోండి. పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి అందులో ఉంచుకోండి. అది వానకు తడవకూడదు, పరాయి చేతికీ పోకూడదు.

చివరిగా ఒకటి. ఇన్ని లెక్కలు చెప్పాం కానీ, పెట్టెలో ఒక జత మాత్రం లెక్కకు బయట పెట్టుకోండి. మీకు బాగా నచ్చింది, మీకు నప్పేది. రంగు చొక్కా కావచ్చు, ఇంట్లోవాళ్లు కొన్న చీర కావచ్చు. వారమంతా యూనిఫాంలోనో, సిమెంటు మరకల చొక్కాలోనో ఉన్న మనిషి ఆదివారం అది వేసుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తే, అవతల పిల్లలు మిమ్మల్ని గుర్తుపట్టే తీరే వేరు. దానికి ఒక అరకిలో బరువు కేటాయించండి. ఆవకాయ సీసా కొంచెం చిన్నది తీసుకుంటే సరిపోతుంది.