పాత తెరచాప పడవకు కొత్త రంగు

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట గోదావరి కాలువయు కృష్ణ కాలువయు వచ్చి ఏలూరులో కలిసినవి. రైళ్లును లారీలును సరకును లాగుకొనువరకు ఆ నీటిదారులలో తెరచాప పడవలు ధాన్యమును మోసినవి. పెదపాడు వైపునను కొల్లేటి లంకలలోను ఏ పెరటిలోనైన అట్టి పాత పడవ యొకటి బోరగిలి యున్నచో, దానిని మరల నీట దింపుదమను కోరిక యింటివారికి కలుగుట సహజము. వారి కొరకే యీ నాలుగు మాటలు.

అందరును మొదట కొని తెచ్చునది రంగుడబ్బా. అది చివర తెరవవలసినది. ముందు కొయ్యను పరీక్షింపవలెను. కొయ్యను చివికించునది నీరని లోకుల నమ్మకము. నిజమునకు ఆ పని ఒక జాతి బూజుది. దానికి తడియు గాలియు రెండును కావలెను. ఎల్లప్పుడును నీట మునిగియున్న కొయ్యకు గాలి చాలదు. బాగుగా ఆరిన కొయ్యకు తడి చాలదు. ఉప్పు ఆ బూజును కొంత అణచును గనుక, సముద్రపు పడవకంటె మంచినీటి పడవ త్వరగా చివుకును. కొల్లేటి పడవకు మొదటి శత్రువు పైనుండి పడి లోపల నిలిచిన వాననీరే.

కావున తెరచాప కొయ్యను నిలిపిన దిమ్మ క్రిందను, అడ్డుబల్లలు ప్రక్కపలకలకు తగులుచోటను, ఇనుపమేకుల తలల చుట్టును చెప్పులు కుట్టు ఆరతో గ్రుచ్చి చూడవలెను. మంచికొయ్య ఎదురు నిలుచును; చివికినది మెత్తగా లోనికి దిగనిచ్చును. దానిని గట్టికొయ్య తగులువరకు చెక్కివేసి, అదే జాతి కొయ్యముక్కను అతుకవలెను. చివుకును లప్పముతో కప్పి, పైన రంగు పూసి, ఆ పడవలో పిల్లలను కూర్చుండబెట్టుకొని సరస్సు నడుమకు పోవుట నేరమే యని మా యభిప్రాయము.

పిల్లలకు మరియొక యపాయము పాత రంగులోనే కలదు. పూర్వపు నూనెరంగులలోను, ఎర్రని సిందూరపు పూతలలోను సీసము ఉండెడిది. మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017లో గాని అమలులోనికి రాలేదు. పొడిగా గీకినచో లేచు ధూళి పసివారి మెదడునకు చేటు. తడిపి గీకవలెను, ముక్కునకు మంచి మాస్కు కట్టవలెను, మంటతో రంగు ఊడదీయరాదు. రాలిన పొట్టును పట్టాపై పోగుచేసి దూరముగా తొలగింపవలెనే గాని కాలువలో కలుపరాదు. కొల్లేరు 2002 నుండి రామ్‌సార్ ఒప్పందము క్రింద గుర్తింపు పొందిన సరస్సు; ఆ గుర్తింపు లేకున్నను చేపలు మనము తినునవే కదా!

పలకల సందులలోని పాత నారను తీసి కొత్త నూలును ఉలితో కూరవలెను. మిక్కిలి బిగించి కూరరాదు. నీట దిగిన కొయ్య ఉబ్బును; ఉబ్బుటకు చోటు లేనిచో మేకులనే పెకలించును.

ఈ పనికి వేసవి మంచిది, కాని పందిరినీడ తప్పనిసరి. నడియెండలో పూసిన రంగు పైన తోలుకట్టి లోన పచ్చిగా నుండి బొబ్బలెత్తును. మంచు ఆరిన పిమ్మట ఉదయమున, పలుచని పూతలుగా, ఒకటి ఆరిన తరువాతనే మరియొకటి వేయవలెను. లోపలివైపునకు అవిసెనూనె చాలును. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడవేసినచో తమంతట తామే అంటుకొనగలవు. విప్పి బయట ఆరవేయవలెను.

పని ముగిసిన పడవను మొలలోతు నీటిలో త్రాటితో కట్టి రెండు రాత్రులు ఉంచవలెను. మొదట నీరు ఊరును, తోడుచుండవలెను. కొయ్య ఉబ్బిన కొలది ఊట తగ్గును. మూడవనాడును తగ్గకున్నచో తెరచాప ఎత్తక, పడవను తిరిగి గట్టునకు లాగవలెను.