గాలపు ముడి - పదం, పదార్థం, ప్రక్రియ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చేపల వేటలో దారానికీ గాలానికీ మధ్య ఉండే ముడి గోరంత కూడా ఉండదు. అయినా వేట ఫలితం దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఒక ముడి నమ్మదగినదా కాదా అన్నది దాని రూపం ఒక్కటే తేల్చదు. దారం పదార్థం, లాగుడు దిశ, బిగించే క్రమం కలిసి తేలుస్తాయి. ఈ విషయాన్ని తెలుగులోని ముడి సంబంధ పదాల ఆధారంగా వివరించడం, వృత్తిపద సేకరణలో ముడిని నమోదు చేయవలసిన తీరును సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ముడి, ఉచ్చు, గాలం, వలకన్ను, నైలాన్, వృత్తిపదకోశం.

ఉపోద్ఘాతం

తెలుగు వాడుకలో ముడికి విశేషణాలు తక్కువేమీ కాదు. మూడుముళ్లు, బ్రహ్మముడి, కొంగుముడి పెళ్లింటివి. చిక్కుముడి, పీటముడి వ్యవహారాల్లోకి పాకినవి. పత్రికల్లో ఏదో ఒక చర్చకు పీటముడి పడని వారం ఉండదు. సాహిత్య పరిశీలకులు ఈ పదాల లాక్షణికార్థాలను చూసినంతగా వాటి వెనుక ఉన్న చేతిపనిని చూసినట్టు కనిపించదు.

వృత్తిపదాల శాస్త్రీయ సేకరణకు తెలుగులో గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి కృషితో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటంగా వ్యవసాయ పదాలు 1962లో వెలువడ్డాయి. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. వస్తువును చూసి, దాని భాగాలను గుర్తించి, ఏ ప్రాంతంలో ఏ పేరు ఉందో రాసుకొనే పద్ధతి నాగలికీ మగ్గానికీ చక్కగా సరిపోతుంది. ముడి దగ్గరకు వచ్చేసరికి ఆ పద్ధతికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. నాగలి వస్తువు. ముడి కూడా కంటికి వస్తువులాగే కనిపిస్తుంది కాని, నిజానికి అది ఒక క్రమంలో జరిగిన పనుల ఫలితం. బిగిసిన ముడిని ఎంతసేపు చూసినా అది ఎలా పడిందో తెలియదు. పదానికి ఎదురుగా ‘ఒక విధమైన ముడి’ అని అర్థం రాస్తే అందులో నమోదైనది ఏమీ ఉండదు.

జారుముడి, ఉచ్చు

తెలుగులో ముడి పేర్లలో కొన్ని ఆకారాన్ని కాక ప్రవర్తనను చెబుతాయి. ఈ అంశం గాలపు ముడుల వివరణకు బాగా పనికివస్తుంది. కొస పట్టి లాగితే సులువుగా విడిపోయేది జారుముడి. లాగేకొద్దీ తనలో చిక్కిన దాన్ని బిగించేది ఉచ్చు. తేలికగా విప్పరానిది పీటముడి. మొదటి రెండింటిలోనూ దారం జారుతుంది. మొదటిదానిలో ఆ జారుడు విడుదలకు, రెండోదానిలో బంధానికి దారితీస్తుంది.

గాలపు ముడులలో చాలావరకు ఉచ్చు స్వభావం కలవే. చేప లాగినప్పుడు దారపు చుట్లు ఒకదానినొకటి నొక్కుకొని, లాగుడు పెరిగేకొద్దీ పట్టు పెరిగేలా వాటిని కడతారు. చుట్లు చాలకపోయినా, వరుస తప్పినా అదే నిర్మాణం జారుముడిగా మారుతుంది. అంటే ఉచ్చుకూ జారుముడికీ మధ్య ఉన్న దూరం ఒక్కోసారి ఒకటి రెండు చుట్లు మాత్రమే.

వివరణ సౌకర్యం కోసం ఇకపై చేతి వైపు, అంటే బరువు మోసే వైపు ఉన్న దారాన్ని ‘లాగు దారం’ అనీ, ముడి కట్టడానికి తిప్పే చివరను ‘కట్టు కొస’ అనీ, గాలం తలలోని రంధ్రాన్ని ‘బెజ్జం’ అనీ వ్యవహరించడం జరుగుతుంది.

వలకన్ను నుంచి పన్నె దాకా

గాలపు ముడికన్నా ముందు వల ముడిని చూడాలి. చేతితో వల అల్లేటప్పుడు ప్రతి కన్ను దగ్గరా పడే ముడి నిర్మాణం ఇది: పై వరుస కన్ను ఒక మెలికగా ఉంటుంది. కొత్త దారం ఆ మెలికలోకి కింది నుంచి వచ్చి, దాని రెండు పేటల వెనుకగా చుట్టి, తన కిందనుంచే తాను దూరి బయటికి వస్తుంది. మగ్గం మీద పడుగు పోగు తెగినప్పుడు నేతగాళ్లు అతికే ముడులలో ప్రసిద్ధమైన దాని నిర్మాణం కూడా ఇదే. ముడి చిన్నదిగా, పన్నె సందులో తట్టుకోకుండా సాగిపోయేదిగా ఉండాలన్నది అక్కడి అవసరం. కన్ను కొలత మారకుండా, లాగినప్పుడు కదలకుండా ఉండాలన్నది వలలో అవసరం. వేర్వేరు అవసరాలున్న రెండు వృత్తులు ఒకే నిర్మాణాన్ని ఎంచుకొన్నాయి. పడవను కట్టేటప్పుడు కొసన వేసే, బిగుసుకోని స్థిరమైన మెలిక కూడా నిర్మాణంలో దీనికి తోబుట్టువే. ఏ కొసలు బరువు మోస్తున్నాయన్నదే తేడా.

ఈ విద్య ఎంత పాతదో చెప్పడానికి ఒక ఆధారం చాలు. 1913లో అప్పటి ఫిన్లాండు ప్రాంతమైన ఆంత్రేయాలో బురదనేల కింద దొరికిన వల క్రీ.పూ. 8300 నాటిదని నిర్ణయించారు. దానిని విల్లో చెట్టు నారతో అల్లారు.

వృత్తిపదకోశ దృష్టితో ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. చేనేత పదాల్లో ఒక పేరుతో, మత్స్యకార పదాల్లో మరో పేరుతో ఒకే ముడి నమోదైతే ఆ రెండూ ఒకటేనని పాఠకుడికి తెలిసే దారి ఏది? నిర్మాణ వివరణ లేనిదే ఆ దారి దొరకదు.

పదార్థం మారినప్పుడు

నూలు, జనుము, నార దారాలకు గరుకుతనం ఉంటుంది. ముడిలో పోగులు ఒకదానిలో ఒకటి దిగబడతాయి. నూలు దారం తడిస్తే మరింత బలపడుతుంది కూడా. దాని శత్రువు కుళ్లు. అందుకే వలలకు చెట్ల బెరడు కషాయం పట్టించేవారు. డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కెరోథర్స్ బృందం 1935లో రూపొందించిన నైలాన్, 20వ శతాబ్ది రెండో సగంలో వలల్లోకీ గాలపు దారాల్లోకీ వచ్చాక కుళ్లు సమస్య తీరింది, జారుడు సమస్య మొదలైంది. ఒంటిపోగు నైలాన్ దారం నున్నన. పైగా దానికి వంపును ఎదిరించి నిటారుగా నిలవాలనే స్వభావం ఉంది. నూలులో నిశ్చలంగా ఉన్న వల ముడి ఒంటిపోగు నైలాన్‌లో పక్కకు జరిగి, కన్నుల కొలత చెడుతుంది. ఒక చుట్టుకు బదులు రెండు చుట్లతో జంటముడి వేయడం, అల్లిన వలను సాగదీసి వేడితో స్థిరపరచడం ఈ ఇబ్బందికి వచ్చిన పరిష్కారాలు. నైలాన్ నీటిని పీల్చుకొని తడిలో కొంత బలం కోల్పోతుందన్నది మరో అంశం. పొడి దారంతో ఇంటి దగ్గర చేసిన పరీక్షను నీటిలో పూర్తిగా నమ్మరాదు.

చుట్ల సంఖ్య ఎందుకు ముఖ్యమో గణితం స్పష్టంగా చెబుతుంది. స్తంభానికి చుట్టిన తాడు విషయంలో 18వ శతాబ్దిలో లియొనార్డ్ ఆయిలర్ పరిశీలించిన సూత్రం ప్రకారం, చుట్లు పెరిగేకొద్దీ పట్టు కూడికగా కాక హెచ్చవేతగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకొంటే ఒక పూర్తి చుట్టు లాగుడును సుమారు మూడున్నర వంతులకు తగ్గిస్తుంది. ఐదు చుట్లు 500 వంతులకు పైగా తగ్గిస్తాయి. గుణకం 0.1 అయితే అవే ఐదు చుట్లు 23 వంతులకు మాత్రమే తగ్గించగలవు. పోయిన పట్టు తిరిగి రావాలంటే పది చుట్లు కావాలి. గాలపు ముడిలో దారం స్తంభానికి కాక తనకు తానే చుట్టుకొంటుంది కాబట్టి ఈ లెక్క యథాతథంగా వర్తించదు. నున్నని దారానికి మూడు నాలుగు చుట్లు ఎందుకు చాలవో గ్రహించడానికి మాత్రం ఇది చాలు. ఇటీవల వాడుకలోకి వచ్చిన బ్రెయిడ్ అనే పాలిథిలీన్ అల్లిక దారం నైలాన్ కన్నా నున్నన. నైలాన్‌కు ఒప్పిన ముడి దానికి ఒప్పకపోవడంలో వింత లేదు.

ముడి వేసిన దారం సాధారణంగా ముడి మధ్యలో తెగదు. లాగు దారం ముడిలోకి దూరే చోట, వంపు అత్యధికంగా ఉన్న దగ్గర తెగుతుంది. పియెరాన్‌స్కీ బృందం 2001లో గాలపు దారంతోనూ, ఉడికించిన స్పఘెట్టితోనూ చేసిన ప్రయోగాలు దీనిని చూపాయి. స్పఘెట్టిని చూసి నవ్వనవసరం లేదు. అది తెగే చోటు కంటికి బాగా కనిపిస్తుంది. దారంలో తెలియకుండా పడిన ఒంటి చిక్కుముడి ఎందుకు ప్రమాదకరమో కూడా దీనివల్లనే తెలుస్తుంది. వంపు అంతా ఒక్కచోట పోగుపడి, దారం బలం సగం దాకా పడిపోవచ్చు.

ఎంపిక, కట్టే క్రమం

సన్నని ఒంటిపోగు నైలాన్‌కు విరివిగా వాడేది క్లించ్ ముడి. కట్టు కొసను బెజ్జంలో దూర్చి, లాగు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, బెజ్జం పక్కన ఏర్పడిన చిన్న మెలికలోంచి, ఆపైన ఏర్పడిన పెద్ద మెలికలోంచి దూర్చి బిగిస్తారు. రెండోసారి దూర్చడం మరిస్తే కొస జారే అవకాశం పెరుగుతుంది. దారం లావైతే చుట్లు సరిగా పేరుకోవు, బ్రెయిడ్ అయితే జారుతుంది. కాబట్టి దీని పరిధి చిన్నదే.

ఒక్క ముడి మాత్రమే నేర్చుకొనేవారికి యూని ముడి మేలైనది. కట్టు కొసను బెజ్జంలో దూర్చి, ఒక జానెడు మేర లాగు దారానికి సమాంతరంగా వెనక్కి తీసుకొని, మళ్లీ గాలం వైపు మళ్లించి ఒక మెలిక చేయాలి. ఆ మెలికలోపలి నుంచి, జంటగా ఉన్న రెండు పేటల చుట్టూ కట్టు కొసను ఐదారుసార్లు చుట్టాలి. కొస లాగితే చుట్లు బొద్దుగా కూడుకొంటాయి. అప్పుడు తడిపి, లాగు దారాన్ని పట్టి ముడిని గాలం దాకా జరిపి గట్టిగా బిగించాలి. బిగించకముందు ఇది జరుగుతుంది, బిగించాక నిలుస్తుంది. ఉచ్చు అన్న తెలుగు మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. రెండు దారాలను ఎదురెదురుగా ఉంచి, ఒక్కొక్కదానితో రెండోదాని చుట్టూ ఇదే ముడి వేసి, రెండు ముడులూ తాకేలా లాగితే అతుకు ముడి అవుతుంది. లావు దారానికి చుట్లు తగ్గించాలి, సన్న దారానికి పెంచాలి.

బ్రెయిడ్‌కు పాలొమార్ ముడి బాగా ఒప్పుతుంది. దారాన్ని జంట చేసి బెజ్జంలో దూర్చి, ఆ జంట దారంతోనే వదులుగా ఒక సాధారణ ముడి వేసి, చివరి మెలికలోంచి గాలాన్ని మొత్తంగా దాటించి బిగించాలి. బెజ్జాన్ని రెండు పేటలు పట్టుకోవడం దీని బలం. జంట పేటలు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడితే మాత్రం ఆ బలం పోతుంది. కొర్రమీను కోసం వాడే పెద్ద కప్ప ఎరకు దీనిని కట్టాలంటే ఎర మొత్తం మెలికలోంచి దాటాలి. చీకట్లో, ఊగే పడవలో అది కుదిరే పని కాదు. పరీక్షలో బలంగా నిలిచిన ముడికన్నా చేతికి అలవాటై సరిగా పడే ముడి మేలన్న అనుభవజ్ఞుల మాటలో విజ్ఞానం ఉంది.

బెజ్జం లేకుండా, కాడ చివర చదునుగా కొట్టిన గాలాలకు పై ముడులేవీ పనికిరావు. కాడ వెంబడి దారాన్ని వరుసగా చుట్టి, ఆ చుట్ల కిందనుంచే కొసను లాగే స్నెల్ పద్ధతి వాటికి కావాలి. కోనెం వంటి పదునైన పళ్ల చేపకు ఎదురుగా ముడి ఎంత మంచిదైనా దారం కోసుకుపోతుంది. గాలం దగ్గర తీగ వాడక తప్పదు. తీగకు ముడి కాదు, పురి వేయాలి.

అన్నిటికీ వర్తించే పని తడపడం. పొడి నైలాన్‌ను వేగంగా బిగిస్తే రాపిడి వేడికి దారం పైపొర దెబ్బతింటుంది. నైలాన్-6 కరగడానికి 220 డిగ్రీల సెల్సియస్ కావాలి, బ్రెయిడ్ పాలిథిలీన్‌కు 150 లోపే చాలు. ఉమ్మి తడి ఒక్కటే ఈ నష్టాన్ని చాలావరకు ఆపుతుంది. దాని తరువాత నెమ్మదిగా, ఒకే ధాటిగా లాగి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడ్డాయో లేదో చూడాలి. పడకపోతే సర్దే ప్రయత్నం చేయక కోసి మళ్లీ కట్టాలి. కొసను మరీ దగ్గరగా కత్తిరించకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదలడం మంచిది.

తెగిన కొస సాక్ష్యం, నమోదు

గాలం పోయాక చేతిలో మిగిలిన దారపు కొస ఏం జరిగిందో చెబుతుంది. ఒంటిపోగు దారం కొస పందితోకలా వంకర తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. చుట్లు చాలలేదని గాని, సరిగా బిగియలేదని గాని అర్థం. ఏ వంకరా లేకుండా తెగి ఉంటే ముడి నోటి దగ్గర దారం తెగింది. పొడిగా బిగించడమో, చుట్లు అడ్డంగా పడడమో కారణం కావచ్చు. కొస చుట్టూ గరుకుగా, తెల్లగా గీరుకొని ఉంటే రాయో పెంకో కోసింది, ముడిది తప్పు కాదు. తాళపత్రంలో చెదతిన్న చోటుకూ లేఖకుడు వదిలిన చోటుకూ తేడా పరిష్కర్త చూడగలిగినట్టే, వేటగాడు ఈ మూడింటినీ వేరు చేసి చూస్తాడు. ఒకదానిని మరొకటిగా పొరబడితే మంచి ముడిని వదిలి చెడ్డ ముడిని పట్టుకొంటాడు.

పదసేకరణకు వెళ్లే పరిశోధకులు ముడి పేరుతో పాటు మరికొన్ని వివరాలు రాసుకోవలసి ఉంటుంది. దారం ఏ పదార్థం, ఎంత లావు, ఎన్ని చుట్లు, అవి ఏ దిశలో పడ్డాయి, ఏ కొస మొదట లాగారు, తడిపారా, చెడితే ఎలా చెడుతుందని వక్త చెప్పాడు అన్నవి అవి. ఒకే ఊళ్లో ఇద్దరు ఒకే పేరుతో రెండు ముడులు కట్టవచ్చు, రెండు పేర్లతో ఒకే ముడి కట్టవచ్చు. తాత నూలుతో కట్టిన ముడికే మనవడు నైలాన్‌లో రెండు చుట్లు పెంచి పాత పేరే ఉంచవచ్చు. అప్పుడు పదం మారలేదు, దాని అర్థం మారింది. వేగం తగ్గించి చూడదగిన వీడియో తీయడం మేలే గాని, వీడియోలో వేళ్ల చాటున జరిగేది కనిపించదు. సేకర్త తన చేత్తో ఆ ముడి కట్టి, వక్తకే ఇచ్చి లాగించాలి. అతని చేతిలో అది నిలిచాకే వివరణను ఆరోపంగా చేర్చాలి. జారిపోతే అతనితోనే మరోసారి కట్టించి, తప్పిన చుట్టు ఎక్కడో అడిగి, ఆ తప్పును కూడా నమోదులో రాయాలి.