జ్యా సంకలితం నుంచి సమాకలనం వరకు

అడుగడుగునా మారే రాశిని అత్యల్ప భాగాలుగా విభజించి, ఆ భాగాల మొత్తం ఏ అవధిని చేరుతుందో నిర్ణయించే ప్రక్రియే సమాకలనం. ఇది అవకలనానికి విలోమ ప్రక్రియ కూడా: కొసైన్‌ను అవకలనం చేస్తే రుణ సైన్ వస్తుంది కాబట్టి, సైన్ సమాకలని రుణ కొసైన్, దానికి తోడు ఒక స్థిరాంకం. విద్యార్థులు సాధారణంగా ఈ రెండవ నిర్వచనాన్నే కంఠస్థం చేస్తారు. అయితే త్రికోణమితీయ సమాకలనుల అంతరార్థం తెలియాలంటే మొదటి నిర్వచనాన్నే ఆశ్రయించాలి. దానికి చక్కని ఉదాహరణ భాస్కరాచార్యుని లెక్క.

నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణం రాజధానిగా చాళుక్యులు దక్కనును ఏలుతున్న కాలంలో, 1114లో, గణితజ్ఞుడు భాస్కరాచార్యుడు జన్మించాడు. 1150 నాటి ‘సిద్ధాంత శిరోమణి’లోని గోళాధ్యాయానికి తానే రాసిన వ్యాఖ్యలో ఆయన గోళ ఉపరితలాన్ని ఉసిరికాయ మీది గీతల మాదిరిగా 96 తొనలుగా విభజించాడు. ధ్రువం నుంచి దిగేకొద్దీ తొన వెడల్పు ఆ కోణపు జ్యకు, అంటే నేటి సైన్‌కు, అనుపాతంలో పెరుగుతుంది. కనుక 3 డిగ్రీల 45 నిమిషాల అంతరంతో 24 జ్యలను కూడి, చివరి జ్యలో సగాన్ని తీసివేసి, మిగిలినదానిని వ్యాసార్ధంలో సగంతో భాగించాడు. ఒక తొన వైశాల్యంగా వచ్చిన ఫలం 30, దానిపై 33/60. పరిధి 96 అయిన గోళానికి వ్యాసం సుమారుగా ఇంతే! తొనలు 96 కాబట్టి, గోళ ఉపరితలం పరిధి, వ్యాసాల లబ్ధమని ఆయన నిరూపించాడు. ఆ సంకలితాన్నే వ్యాసార్ధం 1గా తీసుకొని, రేడియన్లలోని కోణాంతరంతో గుణిస్తే 0.9996 వస్తుంది, 0 నుంచి 90 డిగ్రీల వరకు సైన్ నిశ్చిత సమాకలని 1. సమాకలనమనే పేరు లేకున్నా, ఆ భావన అక్కడ స్పష్టంగా ఉంది.

సైన్‌కు ఘాతం చేరినప్పుడు పద్ధతిని ఆ ఘాతమే నిర్ణయిస్తుంది. ఘాతం బేసి అయితే ఒక సైన్‌ను వేరుచేసి, మిగిలిన సరి ఘాతాన్ని ‘ఒకటి మైనస్ కొసైన్ వర్గం’ అనే సర్వసమీకరణంతో మార్చి, కొసైన్‌ను కొత్త చలరాశిగా ప్రతిక్షేపించాలి. సమాకలని వెంటనే బహుపదిగా మారుతుంది. ఘాతం సరి అయితే ఈ ఉపాయం పనిచేయదు, వేరుచేసిన సైన్‌కు తోడుగా బేసి ఘాతం మిగులుతుంది గనుక. అప్పుడు సైన్ వర్గం, ‘ఒకటి మైనస్ రెట్టింపు కోణపు కొసైన్’లో సగమన్న సూత్రంతో ఘాతాన్ని తగ్గించాలి. ఏ సర్వసమీకరణం ఎందుకు వాడుతున్నామో గ్రహించినవారికి సూత్రాల పట్టిక అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఈ ఘాతాల ఉపయోగాన్ని ఒక గుమ్మటంలో చూడవచ్చు. బీదర్ చెంత అష్టూరులో, రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చిన బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ సమాధి ఉంది. దాని గుమ్మటం లోపలి భాగమంతా రంగుల చిత్రణతో నిండి ఉంటుంది. అటువంటి గుమ్మటాన్ని అర్ధగోళంగా భావిస్తే, రంగు వేయవలసిన వైశాల్యాన్ని సైన్ మొదటి ఘాతపు సమాకలని ఇస్తుంది: అది అడుగు వృత్త వైశాల్యానికి రెండింతలు. ఆ వృత్త వైశాల్యమే సైన్ వర్గపు సమాకలని నుంచి వస్తుంది. ఇక లోపలి ఘనపరిమాణానికి సైన్ ఘనం కావాలి. దాని నిశ్చిత సమాకలని 2/3 కాబట్టి, అంతే అడుగు, అంతే ఎత్తు ఉన్న స్తూపపు ఘనపరిమాణంలో మూడింట రెండు వంతులు లభిస్తుంది. గుమ్మటం గోళంలో చిన్న ఖండమే అయితే పద్ధతి మారదు, పై అవధి మాత్రం 90 డిగ్రీలకు ముందే ఆగుతుంది. అప్పుడు ఉపరితలం పూర్తి గోళపు పరిధి, ఆ ఖండపు ఎత్తుల లబ్ధానికి సమానం.