ఫోన్ ఎవరు కొనాలి?

2020 ఆగస్టు 27న తెలంగాణలో సర్కారు బడుల టీచర్లు విధుల్లోకి వచ్చారు. కరోనా వల్ల పిల్లలు రాలేదు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలు. ఈలోగా ఏ ఇంట్లో టీవీ ఉంది, ఎవరికి స్మార్ట్‌ఫోన్ ఉంది, రెండూ లేనివాళ్లెవరు అన్న లెక్క తేల్చాలి. ఏమీ లేని పిల్లల్ని తోటి పిల్లల ఇంటికో, పంచాయతీ ఆఫీసులో టీవీ ఉంటే అక్కడికో పంపాలి.

పాఠం తయారుచేసింది రాష్ట్రమే, ప్రసారం చేయించిందీ రాష్ట్రమే. అది పిల్లల బుర్రకెక్కిందా లేదా చూసే పని మాత్రం టీచర్ల నెత్తిన పడింది. వర్క్‌షీట్లు పట్టుకుని ఇంటింటికీ తిరగడం, వాట్సాప్‌లో వచ్చిన నోటుబుక్కు ఫొటోలు దిద్దడం, కూలికి వెళ్లిన తండ్రి ఫోన్‌తో సహా ఇల్లు చేరాక హోంవర్క్ గురించి వాకబు చేయడం. ఒకే ఫోన్, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంట్లో అది ముందు ఎవరి చేతికివ్వాలో తేల్చాల్సింది తల్లి. ఆ ఫోన్‌కి రీచార్జి చేయించాల్సిందీ ఆ ఇంటివాళ్లే.

ఇది ఊహించని కష్టమేమీ కాదు. 2017-18 నాటి జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు నూటికి సుమారు 24. పల్లెల్లో అయితే 15.

మరి చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ప్రభుత్వ బాధ్యతలు, తొమ్మిదో సెక్షన్‌లో స్థానిక సంస్థల బాధ్యతలు ఉన్నాయి. సిలబస్ సకాలంలో ఖరారు చేయించడం ప్రభుత్వం వంతు. పద్నాలుగేళ్లలోపు పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచడం స్థానిక సంస్థ వంతు. బడి భవనం, టీచర్లు, బోధన సామగ్రి దగ్గరికొచ్చేసరికి రెండు సెక్షన్లలోనూ దాదాపు అవే మాటలు. తెలుగు రాష్ట్రాల్లో హైస్కూలు గేటు మీద జిల్లా పరిషత్ పేరుంటుంది. టీచర్ల నియామకం, బదిలీ, పాఠ్యపుస్తకం రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఇద్దరి బాధ్యత అని రాసిన చోట ఎవరి వాటా ఎంతో, డబ్బు ఎవరిదో కూడా రాయాలి. ఆన్‌లైన్ చదువులో జరగనిది అదే.

ఈ తగవు ఢిల్లీలో కోర్టుకెక్కింది. ఆన్‌లైన్‌లో బోధిస్తున్న బడులు తమ దగ్గర చదివే పేద పిల్లలకు పరికరాలు, ఇంటర్నెట్ ప్యాక్ ఉచితంగా ఇవ్వాలని, ప్రైవేటు బడులు ఆ ఖర్చును ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చని 2020 సెప్టెంబరు 18న హైకోర్టు చెప్పింది. ఒకే తరగతిలో కొందరికి పాఠం అంది, కొందరికి అందకపోవడం వివక్షేనన్న ఆ తీర్పు న్యాయమైనది. ఢిల్లీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో స్టే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ పరికరాన్ని తానే కొనిచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పేదింటి పిల్ల చేతికి సొంత ట్యాబ్ రావడం చిన్న విషయం కాదు. కానీ అందులో వేసిచ్చిన పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు కంపెనీవి. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం మీద హక్కు ఎస్‌సీఈఆర్‌టీ లాంటి ప్రభుత్వ సంస్థకే ఉండాలి. కంపెనీ తలరాతకూ పిల్లల చదువుకూ ముడిపెట్టకూడదు.

కరోనాతో ఈ సమస్య పోలేదు. 2024 నవంబరులో కాలుష్యం వల్ల ఢిల్లీ బడులు మళ్లీ ఆన్‌లైన్‌కి మారాయి. చాలామంది పిల్లలకు మధ్యాహ్న భోజనం అందడం లేదని, ఆన్‌లైన్ పాఠాలకు సదుపాయాలు లేవని 25న సుప్రీంకోర్టు గుర్తుచేసింది. వాయు నాణ్యత కమిషన్ వెంటనే ఆ ఆన్‌లైన్ నిబంధన సడలించి, తరగతులు రెండు పద్ధతుల్లోనూ నడపమంది. ఆన్‌లైన్ వీలున్న చోట దాన్ని ఎంచుకునే అవకాశం పిల్లలకు, తల్లిదండ్రులకు వదిలేసింది. ఆ వీలు కల్పించాల్సింది బడా, ప్రభుత్వమా అన్నది అప్పుడూ తేలలేదు.