సీడ్ పత్తి చేలో తనిఖీ: ‘వర్కింగ్ పేపర్స్’ అంటే ఏమిటి? రైతు దగ్గర ఏ కాగితాలు ఉండాలి?

జోగులాంబ గద్వాల, నంద్యాల, కర్నూలు జిల్లాల్లో సీడ్ పత్తి వేసే రైతులు క్రాసింగ్ మొదలయ్యే నాటికి రెండు రకాల తనిఖీలు చూస్తారు. ఒకటి కార్మిక శాఖ తనిఖీ. రెండోది విత్తన కంపెనీ తరఫున వచ్చే ఆడిట్. రెండింటిలోనూ ‘వర్కింగ్ పేపర్స్’ అనే మాట వినిపించవచ్చు. మాట ఒకటే అయినా అర్థాలు రెండు. వీటి తేడా తెలిస్తే ఏ కాగితం దగ్గర పెట్టుకోవాలో, దేని మీద ఎప్పుడు సంతకం చేయాలో తెలుస్తుంది.

మొదటి అర్థం: పనిలో చేరడానికి కావలసిన కాగితం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 18 ఏళ్లు నిండనివారు పనిలో చేరాలంటే సాధారణంగా ఒక ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దాన్నే అక్కడ వర్కింగ్ పేపర్స్ అంటారు. మన దగ్గర అలాంటి అనుమతి పత్రం లేదు. వయసు రుజువు కాగితమే ఇక్కడ ముఖ్యం.

చట్టం ఏం చెబుతుందో చూడండి. బాల కార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది, 2016లో సవరించారు. దాని ప్రకారం:

• 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ కూలికి పెట్టుకోకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా, మేస్త్రి హామీ ఇచ్చినా, ఏ కాగితం రాయించుకున్నా అది చెల్లదు.
• సొంత కుటుంబం పనిలో పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయవచ్చు. అది ప్రమాదకరమైన పని కాకూడదు, చదువు చెడకూడదు. పక్క రైతు పిల్లలు బదులు కూలికి వస్తే ఈ మినహాయింపు వర్తించదు.
• 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో పెట్టినా విశ్రాంతితో కలిపి రోజుకు 6 గంటలు మించకూడదు. మూడు గంటలకు ఒకసారి కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 లోపు పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.
• వీరి పేరు, పుట్టిన తేదీ, పని గంటలు, విశ్రాంతి సమయం, పని రకం రాసిన రిజిస్టరు ఉండాలి. చట్టంలో ‘సంస్థ’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వ్యవసాయ క్షేత్రం కూడా ఉంది.

14 ఏళ్లు నిండని పిల్లల్ని కూలికి పెట్టుకున్నా, 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టినా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు పెట్టుకున్నవారి మీద, అంటే రైతు మీద వస్తుంది.

క్రాసింగ్‌కు మనుషులు ఎక్కువ కావాలి. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లో కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి రాయాలి. ఒక్కో పువ్వుకూ చేత్తోనే చేయాలి, రోజూ చేయాలి. ఒక్క రోజు తప్పితే ఆ పూలు పోయినట్టే. ఈ తొందరలోనే మేస్త్రి ఎవరిని తెచ్చాడో చూడకుండా చేలోకి దించేస్తారు. అదే సమయంలో ఒక పిల్ల బడికి దూరమవుతుంది. రెండు నెలలు బడి మానిన పిల్ల మళ్లీ తరగతిలో కుదురుకోవడం ఎంత కష్టమో ఊళ్లో టీచర్లను అడిగితే చెబుతారు.

రెండో అర్థం: ఆడిటర్ రాసుకునే కాగితాలు

ఆడిటర్ చివర్లో ఇచ్చే నివేదిక ఒకటి రెండు పేజీలే ఉండవచ్చు. ఆ మాట ఎందుకు అన్నాడో చెప్పే ఆధారాలన్నీ వేరే ఫైలులో ఉంటాయి. ఏ తేదీన వచ్చాడు, ఎవరిని అడిగాడు, ఏ కాగితం చూశాడు, ఎంతమందిని లెక్కపెట్టాడు అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటినే ఆడిట్‌లో వర్కింగ్ పేపర్స్ అంటారు.

మన దేశంలో లెక్కల ఆడిట్‌కు వర్తించే ప్రమాణం ప్రకారం, ఆ పనితో సంబంధం లేని అనుభవజ్ఞుడైన మరో ఆడిటర్ ఆ కాగితాలు చదివినా, ఏం చేశారో, ఏ నిర్ణయానికి ఎలా వచ్చారో అర్థం కావాలి. ఆ కాగితాలు ఆడిటర్ సొత్తు. సాధారణంగా ఏడేళ్ల పాటు దాచి ఉంచుతారు. మీ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ లెక్కలకు జరిగే ఆడిట్ కూడా ఇలాంటిదే.

చేలో తనిఖీ లెక్కల ఆడిట్ కాదు, కానీ పద్ధతి దాదాపు అదే. చూసింది రాస్తారు, రాసిందే తర్వాత నిలుస్తుంది. ఉదాహరణకు, చేలో 15 మంది ఉన్నారు, ఒకమ్మాయి చిన్నదిగా కనిపించింది అనుకుందాం. ఆమెకు 19 ఏళ్లని చూపే కాగితం మీ దగ్గర ఉంటే ఆ సంగతి అక్కడికక్కడే నమోదవుతుంది. లేకపోతే ‘వయసు రుజువు లేదు’ అని రాస్తారు. నెల తర్వాత కంపెనీలో ఆ ఫైలు చూసేవారికి అమ్మాయి కనిపించదు, ఆ మాటే కనిపిస్తుంది.

రైతు చేయవలసినవి

1. క్రాసింగ్‌కు 15 రోజుల ముందే కూలీల జాబితా మేస్త్రి దగ్గర తీసుకోండి. చేలోకి దిగాక అడిగితే ఆలస్యమవుతుంది.
2. వయసుకు ఆధార్‌తో పాటు బడి సర్టిఫికెట్ గానీ జనన ధ్రువపత్రం గానీ చూడండి. నకలు చాలు. అసలు కాగితాలు మీ దగ్గర ఉంచుకోకండి.
3. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, పేరు, ఊరు, వయసు, చూసిన రుజువు, పని, గంటలు, ఇచ్చిన కూలి, సంతకం లేదా వేలిముద్ర రాయించండి. ఒకే పనికి ఆడవారికీ మగవారికీ ఒకే కూలి రాయండి, అంతే ఇవ్వండి.
4. అడ్వాన్సు ఇస్తే రాసుకోండి. అది తీరేదాకా కదలకూడదని మనిషిని కట్టిపడేస్తే వెట్టిచాకిరీ అవుతుంది. దాన్ని 1976 చట్టం నిషేధించింది.
5. మందు కొట్టే పనికి, మందు కలిపే పనికి 18 ఏళ్లలోపు వారిని అసలు పంపకండి. మందు కొట్టిన చేలోకి వెంటనే ఎవరినీ దించకండి.
6. తనిఖీ షీటు చదివాకే, లేదా చదివించుకున్నాకే సంతకం చేయండి. ఖాళీ గడులుంటే గీత గీయించండి. తప్పు రాశారనిపిస్తే మీ జవాబు కూడా అందులోనే రాయమని అడగండి. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
7. ఆర్గనైజర్‌తో ఒప్పందంలో ఆడిట్ వల్ల ఏ కోతలు ఉంటాయో, బోనస్ ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక జాగ్రత్త

తనిఖీ కోసం ఉన్న పిల్ల వయసు పెంచి రాయకండి. దొంగ కాగితం పిల్లను కాపాడదు, రైతునూ కాపాడదు. వయసు మీద తేడా వస్తే వైద్య పరీక్షకు పంపే వీలు చట్టంలో ఉంది. పుస్తకం తనిఖీవారికి చూపడానికే కాదు, ఎవరిని చేలోకి దించుతున్నామో ముందు మనం చూసుకోవడానికి కూడా.

చేలో గానీ ఊళ్లో గానీ బడి మానేసి పనికి వెళ్తున్న పిల్లలు కనిపిస్తే 1098 నంబరుకు చెప్పవచ్చు. పుస్తకంలో గడులు ఎలా గీసుకోవాలో తెలియకపోతే మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. విత్తనం వేసేటప్పుడే మొదలుపెడితే క్రాసింగ్ నాటికి పుస్తకం సిద్ధంగా ఉంటుంది.