చికిత్సకు ప్రమాణం ఏది?

నోటిలో పుండు ఎంతకూ మానక పరీక్ష చేయించుకున్న ఒక వ్యక్తికి అది క్యాన్సర్ అని తేలిందనుకుందాం. కణితి ఇంకా చిన్నదే. దానిని కోసి తీసివేయవలసిందే; అందులో సందేహం లేదు. మెడలోని లింఫు గ్రంథులు, అనగా వాడుకలో మనం బిళ్లలు అనేవి, చేతికి తగలడం లేదు. వాటిని కూడా అప్పుడే తీసివేయాలా? లేక ఉబ్బినప్పుడు చూసుకోవచ్చునా? ఈ ప్రశ్నకు చాలాకాలం ఒక్కొక్క ఆసుపత్రిలో ఒక్కొక్క సమాధానం లభించేది. ఇద్దరు వైద్యులూ సమర్థులే, ఇద్దరూ రోగి మేలు కోరేవారే. అయితే ఎవరి మాట ప్రమాణం?

వైద్యచరిత్రలో పెద్దల మాటే చాలాకాలం ప్రమాణంగా చెల్లింది. విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 19వ శతాబ్దం చివర రొమ్ము క్యాన్సర్‌కు ఒక తీవ్రమైన శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. రొమ్ముతోపాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని బిళ్లలను సైతం తొలగించేవారు. రోగాన్ని వేళ్లతో సహా పెకలించాలన్నది ఆయన తలంపు. ఎందరో స్త్రీలు ఛాతీ గుంటపడి, చేయి వాచి, భుజం సరిగా ఆడక జీవితాంతం బాధపడ్డారు. అయినా కొన్ని దశాబ్దాలపాటు ఆ పద్ధతే రాజ్యమేలింది. బెర్నార్డ్ ఫిషర్ అనే మరొక శస్త్రవైద్యుడు 1971లో దానిని పరీక్షకు పెట్టాడు. 1,600 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న ఆ పరీక్షలో ఎవరికి ఏ చికిత్స చేయాలన్నది వైద్యుని ఇష్టానికి విడువక, చీటీ తీసినట్లు నిర్ణయించారు. ఇరవై అయిదేళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కండరాలను తొలగించినందువల్ల ఆయుష్షు పెరిగిన జాడ కనబడలేదు. హాల్‌స్టెడ్ అసమర్థుడు కాడు. తన చికిత్సను మరొకదానితో నిష్పాక్షికంగా పోల్చి చూసే పద్ధతి ఆయన కాలానికి ఏర్పడలేదు, అంతే.

చికిత్సలను ఇటువంటి పరీక్షలతో తూచి చూడాలని స్కాట్లాండ్‌కు చెందిన ఆర్చీ కోక్రేన్ 1972లో ప్రకటించిన గ్రంథంలో గట్టిగా వాదించాడు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గయాట్ 1991లో ఈ దృక్పథానికి నిదర్శనాధారిత వైద్యమని పేరు పెట్టాడు. పేరు పెట్టినంత మాత్రాన పని సాగదు. ఆ పనికి మనుషులను తీర్చిదిద్దాలి. వైద్య మార్గదర్శకాలు రాసే పరిశోధకులకు ప్రత్యేక శిక్షణ అవసరమైనది అందువల్లనే.

ఈ శిక్షణలో తొలి పాఠం ప్రశ్న వేయడం. 'నోటి క్యాన్సర్‌కు మంచి చికిత్స ఏది?' అన్నది ప్రశ్న కాదు. రోగి ఎవరు, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం అన్న నాలుగు అంశాలూ అందులో ఇమడాలి. వీటిలో చివరిది మిక్కిలి ముఖ్యం. కణితి కొంత కుదించుకుపోవడం వైద్యునికి విజయంగా తోచవచ్చు. రోగి కోరేది మరికొన్ని సంవత్సరాల జీవితం, నొప్పి లేని రాత్రి, అన్నం మింగగల గొంతు. తరువాత పాఠం వెదకడం. తన అభిప్రాయానికి అనుకూలమైన వ్యాసాలను ఏరుకోవడం మానవ సహజం. కనుక ఏ వ్యాసాలను స్వీకరిస్తారో, వేటిని విడిచిపెడతారో ముందే రాసి ప్రకటించాలి. ఇద్దరు పరిశోధకులు ఒకరితో ఒకరు సంప్రదించకుండా వ్యాసాలను ఎంపిక చేసి, ఆ తరువాత సరిపోల్చుకోవాలి. విఫలమైన పరీక్షలు తరచు అచ్చుకు నోచుకోవు. వాటి కోసం కూడా గాలించాలి. చూసేవారికి ఇది గుమాస్తా పనిలా విసుగు పుట్టించవచ్చు. కానీ ఏమరుపాటుతో విడిచిన ఒక్క అధ్యయనం తీర్పునే తారుమారు చేయగలదు. చివరకు లభించిన నిదర్శనాలను ఎంతవరకు నమ్మవచ్చో నిర్ణయిస్తారు. 2000లో రూపుదిద్దుకోనారంభించిన 'గ్రేడ్' పద్ధతి దీనికి ఉన్నతం, మధ్యమం, అల్పం, అత్యల్పం అని నాలుగు మెట్లు ఏర్పరచింది.

ఇంత వెదికినా కొన్నిసార్లు నమ్మదగినది దొరకదు. మెడ బిళ్లల విషయంలో జరిగినది అదే. అంతకుముందు జరిగినవి చిన్న పరీక్షలు. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. పాశ్చాత్య దేశాలకన్న మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువ. పొగాకు, గుట్కా, వక్క అందుకు ప్రధాన కారణాలు. కనుక ఆ సమాధానం ఇక్కడే వెదకడం సమంజసం. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ బృందం 2004లో పరీక్ష ప్రారంభించింది. ఒక వర్గానికి కణితితోపాటే మెడ బిళ్లలను తొలగించారు. రెండవ వర్గానికి రోగం మెడకు పాకినప్పుడు మాత్రమే తొలగించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 80 మంది, రెండవ వర్గంలో 67.5 మంది. అదే సంవత్సరం, క్యాన్సర్ పరీక్షలను రూపొందించడంలో యువ పరిశోధకులకు శిక్షణనిచ్చే 'క్రెడో' కార్యశాలలు మన దేశంలో మొదలయ్యాయి. మంచి పరీక్ష లేనిదే మంచి మార్గదర్శకం లేదు గదా!

నిదర్శనం లభించిన వెంటనే సిఫారసు సిద్ధం కాదు. మెడ శస్త్రచికిత్స వల్ల కొందరికి భుజం బలహీనపడుతుంది. ఖర్చు మరొక సమస్య. అందువల్ల 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ తన మార్గదర్శకాలలో వనరులనుబట్టి తప్పనిసరి చికిత్సలను, మేలైనవాటిని, ఐచ్ఛికమైనవాటిని వేరుచేసి చూపింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఈ గ్రిడ్‌లో సభ్యురాలే. పెద్ద నగరపు కార్పొరేట్ ఆసుపత్రిలో సాధ్యమైనదంతా పేదలు బారులు తీరే ప్రభుత్వ ఆసుపత్రిలో సాధ్యం కాదని ఒప్పుకోవడం నా దృష్టిలో ఈ మార్గదర్శకాల నిజాయితీకి గుర్తు.

మెడ బిళ్లల కథ అంతటితో ముగియలేదు. రోగం మొదట చేరే అవకాశమున్న ఒకటి రెండు బిళ్లలను మాత్రమే గుర్తించి, తీసి పరీక్షిస్తే చాలునా అన్న ప్రశ్న తలెత్తింది. ఫ్రాన్సులో, జపానులో జరిగిన పరీక్షల ఫలితాలు 2020, 2021 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఆ పద్ధతిలోనూ రోగుల మనుగడ తగ్గలేదని అవి తెలిపాయి. అయితే ఆ బిళ్లలను గుర్తించడానికి రేడియోధార్మిక పదార్థం, దానిని పసిగట్టే పరికరం, అనుభవజ్ఞుడైన నిపుణుడు కావాలి. ఇవి లేని ఆసుపత్రికి ఏమని సిఫారసు చేయాలన్నది మార్గదర్శకాలు రాసేవారి ముందు ఉన్న కొత్త ప్రశ్న.